సైలెన్సర్ గొట్టంలో సాక్షి

ఉక్కు కరిగించే చోట ఒక చిన్న తతంగం జరుగుతుంది. దాదాపు 1600 డిగ్రీల వేడిలో కుతకుతలాడుతున్న ద్రవంలోకి, అట్టగొట్టం తొడిగిన పొడవాటి కడ్డీని ముంచుతారు. ముంచగానే అట్ట అంటుకుంటుంది. అది పూర్తిగా కాలిపోయేలోపే, కొద్ది సెకన్లలోనే, కంట్రోల్ రూమ్ తెర మీద అంకెలు పడతాయి. ఉక్కు ఎంత వేడిగా ఉందో, అందులో ఎంత ఆక్సిజన్ కరిగి ఉందో తెలిసిపోతుంది. కడ్డీని పైకి తీసి, కొనకున్న సెన్సర్‌ని అవతల పారేస్తారు. దాని ఆయుష్షు అంతే.

ఆ కొనలో ఉండే అసలు సరుకు జిర్కోనియా అనే తెల్లటి పింగాణీ పదార్థం. విశాఖలో స్టీల్‌ప్లాంటు గేటు ముందున్న కూర్మన్నపాలెం దాటి గాజువాక వైపు వస్తే ఆటోనగర్ తగులుతుంది. అక్కడి షెడ్లలో జాకీ మీద లేపిన కార్ల కింద, సైలెన్సర్ గొట్టానికి బిగించి, వేలెడంత లోహపు బుడిపె ఒకటి కనిపిస్తుంది. వెనక నుంచి నాలుగు వైర్లు వేలాడుతుంటాయి. దాని కడుపులో ఉన్నదీ జిర్కోనియానే. కార్ల భాషలో దాని పేరు ఆక్సిజన్ సెన్సర్. ఉక్కులో కొద్ది సెకన్లు బతికే పదార్థం కారులో లక్షన్నర కిలోమీటర్లు కూడా పనిచేస్తుంది. తేడా అక్కడితో ఆగలేదు. ఉక్కు దగ్గర అది చెప్పిన మాట విని, అల్యూమినియం ఎంత వేయాలో లెక్క కడతారు. కారు దగ్గర అది చెప్పిన మాట విని, చాలాసార్లు దాన్నే ఊడదీసి పారేస్తారు.

ముందు ఉక్కు సంగతి ముగిద్దాం. ఆక్సిజన్ ఊది ఉక్కు తయారుచేసే పద్ధతి 1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో మొదలైంది. అందుకే ఆ ఊరి పేరు, ఆ తరువాత ఇదే పద్ధతి మొదలుపెట్టిన డోనవిట్జ్ పేరు కలిపి ఎల్‌డీ కన్వర్టర్ అంటారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉన్నవీ ఎల్‌డీ కన్వర్టర్లే. కరిగిన ఇనుములోని కార్బన్‌ని కాల్చేయడానికి పైనుంచి ఆక్సిజన్‌ని మహావేగంతో ఊదుతారు. కార్బన్ పోతుంది కానీ కొంత ఆక్సిజన్ ఉక్కులోనే కరిగి మిగిలిపోతుంది. అలాగే పోతపోస్తే లోపల బుడగలు, రంధ్రాలు. దాన్ని పట్టేయడానికి అల్యూమినియమో, ఫెర్రో సిలికానో వేయాలి. తక్కువైతే ఉక్కు పాడు, ఎక్కువైతే డబ్బు దండగ, పైగా పోత గొట్టాలు పూడుకుపోతాయి. కొలవకుండా వేస్తే కుదరదు.

ఈ జిర్కోనియా ఎక్కడినుంచో ఊడిపడింది కాదు. భీమిలి తీరంలో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లటి చారలు మిగలడం విశాఖవాసులు రోజూ చూసేదే. ఆ నలుపు ఎక్కువగా ఇల్మెనైట్‌ది. దానితోపాటు గార్నెట్, సిల్లిమనైట్, రూటైల్, మోనజైట్, వాటి మధ్య జిర్కాన్ రేణువులూ ఉంటాయి. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాల్లో ఈ బరువైన ఖనిజాల ఇసుక ఉన్నట్టు భూగర్భశాస్త్రవేత్తలు ఏనాడో లెక్కగట్టారు. సరిహద్దు అవతల ఒడిశాలోని ఛత్రపూర్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఇలాంటి ఇసుక నుంచే జిర్కాన్‌ని వేరు చేస్తుంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కాన్ నుంచి జిర్కోనియం తీసి, అణు ఇంధన కడ్డీలకు తొడుగులు చేస్తుంది. అదే ఖనిజాన్ని మరో దారిలో శుద్ధి చేసి, కొద్దిగా యిట్రియా కలిపి కాలిస్తే సెన్సర్‌కు పనికొచ్చే పింగాణీ తయారవుతుంది.

ఈ పింగాణీకి ఒక వింత గుణం ఉంది. చల్లగా ఉన్నంతసేపు ఇది రాయి, దేన్నీ పోనివ్వదు. 300 డిగ్రీలు దాటి వేడెక్కితే మాత్రం ఆక్సిజన్ అయాన్లు దీనిగుండా నడవడం మొదలుపెడతాయి. ఒకవైపు బయటి గాలి, అందులో దాదాపు 21 శాతం ఆక్సిజన్. మరోవైపు ఇంజిన్ వదిలిన పొగ, అందులో ఆక్సిజన్ బహుస్వల్పం. ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు అయాన్లు కదలాలని చూస్తాయి. పింగాణీకి రెండు వైపులా పూసిన ప్లాటినం పొరల మధ్య ఆ ఒత్తిడే చిన్న వోల్టేజీగా తేలుతుంది. ఆ వోల్టేజీ ఎంతో లెక్కగట్టే సూత్రం జర్మన్ రసాయనవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ 1889లో రాసిందే. ఆయనకు 1920 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇంకో తమాషా ఏమిటంటే, జిర్కోనియాలో యిట్రియా కలిపి వేడిచేస్తే కరెంటు పారుతుందని కనిపెట్టి, దానితో దీపం తయారుచేసిందీ ఆయనే. కారు సెన్సర్‌కు కావలసిన సిద్ధాంతమూ సరుకూ రెండూ ఆయన చేతుల్లో ఉండేవి. అప్పటికి కార్లే సరిగా లేవు.

పెట్రోలు ఇంజిన్‌కు ఒక లెక్క ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఈ లెక్క సరిపోయిన స్థితిని ఇంజనీర్లు లాంబ్డా ఒకటి అంటారు. పెట్రోలు ఎక్కువైతే మిశ్రమం రిచ్, గాలి ఎక్కువైతే లీన్. వంటింట్లో గ్యాస్ పొయ్యి గాలి రంధ్రం మూసుకుపోతే నీలిమంట పసుపుపచ్చగా మారి గిన్నె అడుగు మసిబారుతుంది కదా, రిచ్ అంటే అదే. మిశ్రమం రిచ్‌గా ఉంటే సెన్సర్ 0.9 వోల్టు దాకా ఇస్తుంది, లీన్ అయితే 0.1కి పడిపోతుంది. నడుమ 0.45 సరిహద్దు. ఆ సరిహద్దు దగ్గర వోల్టేజీ మెల్లగా జారదు, ఒక్కసారిగా దూకుతుంది. కారు కంప్యూటర్ చేసే పనల్లా, వోల్టేజీ పెరిగితే పెట్రోలు తగ్గించడం, తగ్గితే పెంచడం. ఇంజిన్ వేడెక్కాక సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి ఈ తగ్గించడం పెంచడం సాగుతూనే ఉంటుంది.

ఇంత శ్రమ దేనికంటే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం. సైలెన్సర్‌కు ముందుండే ఆ డబ్బాలో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన తేనెపట్టు లాంటి దిమ్మ ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌నీ కాలని పెట్రోలు ఆవిరినీ అది కాలుస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొడుతుంది. మొదటి పనికి ఆక్సిజన్ కావాలి, రెండో పనికి ఆక్సిజన్ ఉండకూడదు. రెండూ ఒకేసారి జరిగేది లాంబ్డా ఒకటి చుట్టూ ఉన్న సన్నటి సందులోనే. ఆ సందులో ఇంజిన్‌ని నిలబెట్టడానికి బాష్ కంపెనీ సెన్సర్ తయారుచేస్తే, దాన్ని మొదట బిగించుకున్నది స్వీడన్ కంపెనీ వోల్వో. కాలిఫోర్నియా కాలుష్య నిబంధనలు దాటడానికి 1976లో ఆ రాష్ట్రానికి పంపిన 240 వరుస కార్లలో అది వెళ్లింది.

మన దేశంలో కథ పెట్రోలు బంకులో మొదలవుతుంది. ప్లాటినం పొరకు సీసం విషం. సీసం కలిసిన పెట్రోలు పోస్తే కన్వర్టరూ సెన్సరూ రెండూ గుడ్డివైపోతాయి. అందుకే 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడు, ఆ నగరాల్లో సీసం లేని పెట్రోలు కూడా వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం పోయింది. కార్బురేటర్లు పోయి, వెనక అద్దం కింద ‘ఎంపీఎఫ్ఐ’ అని గర్వంగా రాసుకున్న కార్లు వచ్చిన రోజులవి. కాలుష్య ప్రమాణాల్లో 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 దేశమంతటికీ వర్తించాయి. బీఎస్-6 పెట్రోలులో గంధకం 10 పీపీఎం మించకూడదు. 1957లో కాల్టెక్స్ కట్టి, తరువాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చిన విశాఖ రిఫైనరీ లాంటివన్నీ ఇందుకోసం యంత్రాలు మార్చుకోవలసి వచ్చింది. బీఎస్-6తో ఈ సెన్సర్ స్కూటర్ల సైలెన్సర్లలోకీ దిగింది.

ఇప్పుడు డాష్‌బోర్డు మీద ఇంజిన్ హెచ్చరిక లైటు వెలిగిన కారుతో ఆటోనగర్ షెడ్డులోకి వెళ్దాం.

“లైటు ఎప్పుడెలిగింది సార్?”

“మొన్న అనకాపల్లి వెళ్లొస్తుంటే.”

“పికప్ ఏటైనా తగ్గిందా?”

“తగ్గలేదు గానీ, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతోంది.”

స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్ అందులో గుచ్చుతారు. తెర మీద ఒక కోడు పడుతుంది. అయిదు నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది: “ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చేయాలి.” కొన్ని వేల రూపాయల పార్టు వస్తుంది, పాతది పోతుంది, కోడు చెరిపేస్తారు, లైటు ఆరిపోతుంది. పది రోజుల తరువాత మళ్లీ వెలుగుతుంది. ఇది ఏ ఒక్క షెడ్డు కథో కాదు. ఏసీ గదిలో కాఫీ ఇచ్చి కూర్చోబెట్టే షోరూముల్లోనూ జరిగే కథే.

తప్పు ఎక్కడంటే, కోడుని తీర్పుగా చదవడంలో ఉంది. ఉదాహరణకు పీ0171 అనే కోడుకు అర్థం మిశ్రమం లీన్‌గా ఉందని. ఆ మాట చెప్పింది సెన్సరే. అంటే ఆ సెన్సర్ బహుశా నిక్షేపంగా పనిచేస్తోంది. పీ0172 అంటే రిచ్. ఇక్కడా సెన్సర్ సాక్షి మాత్రమే, ముద్దాయి కాదు. పీ0135 వేరు. అది సెన్సర్‌లోని హీటరు సర్క్యూట్ గురించి, అనుమానం నిజంగానే సెన్సర్ మీదికి తిరుగుతుంది. పీ0133 అంటే సెన్సర్ బద్ధకంగా, ఆలస్యంగా స్పందిస్తోందని. ఇదీ సెన్సర్ వయసుకు సంబంధించిన కోడే కావచ్చు. పీ0420 అయితే కన్వర్టర్ పని తగ్గిందన్న ఫిర్యాదు. ఈ ఫిర్యాదుకు రెండో సెన్సర్‌ని మార్చడం సాధారణంగా డబ్బు నీళ్లపాలు చేయడమే.

రెండో సెన్సర్ అన్నాం కదా. ఇప్పటి కార్లలో కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. ముందుది ఇంజిన్‌ని నడిపించేది, వెనకది కన్వర్టర్ మీద నిఘా. కోడులో ‘బ్యాంక్ 1 సెన్సర్ 1’ అని వస్తే ముందుది, ‘సెన్సర్ 2’ అని వస్తే వెనకది. మన రోడ్ల మీద తిరిగే మూడు, నాలుగు సిలిండర్ల చిన్న కార్లలో బ్యాంకు ఒక్కటే కాబట్టి గందరగోళానికి తావు లేదు. అయినా ఒకదాని బదులు ఇంకోటి మార్చేసిన సందర్భాలు ఆటోనగర్ వీధుల్లో కొల్లలు.

హీటరు కోడు వస్తే ముందు చూడవలసింది ఫ్యూజు. వినడానికి చిన్నతనంగా ఉంటుంది గానీ, పది రూపాయల ఫ్యూజు కోసం వేల రూపాయల సెన్సర్ బలైపోవచ్చు. తరువాత వైర్లు. బానెట్ కింద వెచ్చగా పడుకోవడానికి వచ్చిన ఎలుక వైరు కొరికి వెళ్లడం మన దేశంలో ఏ సర్వీసు పుస్తకమూ రాయని జబ్బు. ఆ తరువాత కనెక్టరు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదజాలరిపేట వైపు రాత్రంతా ఆరుబయట నిలబడే కార్లకు ఉప్పుగాలి సోకుతుంది. కనెక్టరు విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. అది చాలు, హీటరుకు కరెంటు సరిగా అందకపోవడానికి. ఇవన్నీ బాగుంటే మల్టీమీటర్ తీసి, సాధారణంగా ఒకే రంగులో, చాలా కంపెనీల్లో తెల్లగా ఉండే రెండు హీటరు వైర్ల మధ్య రెసిస్టెన్స్ కొలవాలి. చల్లటి సెన్సర్‌లో కొన్ని ఓములు చూపిస్తే హీటరు బతికే ఉంది. అనంతం చూపిస్తే లోపల తీగ తెగిపోయింది. అప్పుడు మార్చాల్సిందే, వాదన లేదు.

హీటరు ఎందుకంటే, పొగ వేడి మీదే ఆధారపడితే సెన్సర్ మేల్కొనేసరికి నిమిషాలు పడుతుంది. ఆ లోపు కంప్యూటర్ కళ్లు మూసుకుని అంచనా మీద పెట్రోలు పోస్తుంది. మురళీనగర్ నుంచి ద్వారకానగర్ వరకు మాత్రమే తిరిగే కారుకు, హీటరు పోయిన సెన్సర్ ఉంటే, దారిలో మంచి భాగం ఆ గుడ్డి అంచనాలోనే గడిచిపోతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతోందన్న ఫిర్యాదు వెనక ఇలాంటివి కొన్ని నిజంగా ఉంటాయి.

సెన్సర్ మాటని పరీక్షించే అసలు చోటు స్కానర్‌లోని లైవ్ డేటా. కోడు చదివి ఆపేసే మెకానిక్‌కూ లైవ్ డేటా చూసే మెకానిక్‌కూ మధ్య తేడా చాలా ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే, ముందు సెన్సర్ గీత 0.1కీ 0.9కీ మధ్య చకచకా పైకీ కిందికీ ఊగాలి. వెనక సెన్సర్ గీత 0.6, 0.7 ప్రాంతంలో ఇంచుమించు నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదాన్ని అనుకరిస్తూ ఊగుతుంటే కన్వర్టర్ చేతులెత్తేసిందని. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కితే ముందుది 0.9 వైపు లేవాలి. వేగంలో కాలు తీసేస్తే ఇంజక్టర్లు మూసుకుపోతాయి కాబట్టి దాదాపు సున్నాకు పడాలి. ఈ రెండు పరీక్షల్లోనూ చురుగ్గా కదిలితే సెన్సర్ మీద నేరం మోపడానికి ఆధారాల్లేవు. అయితే ఒక జాగ్రత్త ఉంది. కొన్ని కొత్త కార్లలో ముందు సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం. దాని లెక్క వేరు, ఇలా 0.1, 0.9 మధ్య ఊగదు. పాత రకం కొలతతో దాన్ని చూసి ‘పోయింది’ అనేస్తే మళ్లీ అన్యాయమే.

లైవ్ డేటాలోనే ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉంటుంది. కంప్యూటర్ తన సొంత లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు ఎక్కువో తక్కువో పోస్తోందో అది చెబుతుంది. అయిదు, పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే మామూలే. పీ0171 వచ్చిన కారు ఒకటి తీసుకుందాం. ఐడ్లింగ్‌లో ట్రిమ్ 22 శాతం పైకి ఉంది. రెండున్నర వేల ఆర్‌పీఎంకి తీసుకెళితే ఆరుకు దిగింది. ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు లోపలికి పోయే గాలి తక్కువ, కాబట్టి పగిలిన రబ్బరు పైపులోంచి దొంగదారిన దూరే గాలి వాటా పెద్దదిగా కనిపిస్తుంది. వేగం పెరిగితే అసలు గాలి పెరిగి దొంగ గాలి వాటా చిన్నదవుతుంది. అంటే ఇక్కడ వెతకాల్సింది సెన్సర్‌ని కాదు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ చుట్టూ ఉన్న పైపుల్ని. దీనికి భిన్నంగా ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, లోడు పడే కొద్దీ ట్రిమ్ పెరిగితే అనుమానం పెట్రోలు పంపు మీదికో, గాలిని కొలిచే సెన్సర్‌కు పట్టిన దుమ్ము మీదికో పోతుంది. పోర్టు రోడ్డులో లారీల వెనక, బొగ్గు దుమ్ములో రోజూ తిరిగే కారుకు చిరిగిన ఎయిర్ ఫిల్టర్ తోడైతే ఈ రెండోది ఆశ్చర్యం కాదు.

విశాఖకు ప్రత్యేకంగా మరో మోసం ఉంది. ఉప్పుగాలికి సైలెన్సర్ అతుకులు, ఫ్లాంజి దగ్గరి గాస్కెట్లు తుప్పుపట్టి సన్నటి సందులు పడతాయి. పొగ బయటికి వచ్చే చోట గాలి లోపలికెలా పోతుందని అనుమానం రావచ్చు. ఇంజిన్ పొగని ధారగా కాదు, దడదడా తెరలు తెరలుగా వదులుతుంది. రెండు తెరల మధ్య గొట్టంలో క్షణకాలం ఒత్తిడి పడిపోయి, ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్‌కు ముందు ఇలా జరిగితే అది ఆ ఆక్సిజన్‌ని చూసి నిజాయితీగా ‘లీన్’ అంటుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు మసిబారతాయి. సెన్సర్ అబద్ధం చెప్పలేదు, దాని ముందుకొచ్చిన పొగే కల్తీ అయింది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి చెవి పెట్టి వింటే ‘టిక్కు టిక్కు’మనే చిన్న శబ్దం దీని జాడ. ఇంజిన్ వేడెక్కి లోహం సాగాక ఆ శబ్దం మాయమైపోతుంది, అందుకే మధ్యాహ్నం షెడ్డుకు తెచ్చిన కారులో ఇది దొరకదు.

ఇన్నీ దాటాక సెన్సర్ నిజంగా చచ్చిందని తేలితే, అది ఎలా చచ్చిందో కూడా చూడాలి. తీసిన సెన్సర్ మూతి మీద మెత్తటి నల్లటి మసి ఉంటే మిశ్రమం చాలాకాలంగా రిచ్. తెల్లటి పొర ఉంటే రెండు అనుమానాలు. ఇంజిన్‌లో రేడియేటర్ కూలెంట్ కాలుతోందా, లేక ఎవరో గాస్కెట్ అతకడానికి తప్పు రకం సిలికాన్ పేస్టు దట్టించారా? బూడిద గట్టకట్టి ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. కారణం అలాగే ఉంచి కొత్తది పెడితే దానికీ అదే గతి. వర్షం నీటిలో దిగిన కార్లది మరో సమస్య. ఎర్రగా కాలి ఉన్న పింగాణీ మీద ఒక్కసారిగా చన్నీళ్లు పడితే బీటలిస్తుంది.

ఊడదీయడం చూడ్డానికి పది నిమిషాల పని. తుప్పుపట్టిన విశాఖ కారులో ఒక పూట పట్టినా పట్టవచ్చు. బ్యాటరీ నెగటివ్ తీసి, కనెక్టరు లాక్ నొక్కి విప్పాలి. సెన్సర్ షడ్భుజి సాధారణంగా 22 నంబరు పానాకు పడుతుంది. మామూలు బాక్సు పానా అయితే వైరు అడ్డొస్తుంది కాబట్టి పక్కన చీలిక ఉన్న ప్రత్యేక సాకెట్ వాడతారు. మరలు జామ్ అయితే తుప్పు వదిలించే నూనె కొట్టి, నానడానికి సమయం ఇవ్వాలి. గొట్టం ముట్టుకుంటే కాలనంత గోరువెచ్చగా ఉన్నప్పుడు తిప్పితే లోహం కాస్త సాగి వదులుతుంది. మొండిగా లాగితే సెన్సర్‌తో పాటు గొట్టంలోని మర కూడా చుట్టుకుని వచ్చేస్తుంది. అప్పుడు ట్యాపు పెట్టి మర మళ్లీ కోయించాలి, ఆటోనగర్‌లో లేతు దుకాణాలకు కొదవలేదు గానీ ఖర్చు రెట్టింపు.

కొత్తది చేతికొచ్చాక చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. సెన్సర్ పోల్చి చూసుకునే బయటి గాలి దాని లోపలికి ఎలా వెళుతుంది? చాలా సెన్సర్లలో ఆ గాలి వైర్లలోని సన్నటి తీగల మధ్య సందుల్లోంచే వెళుతుంది. అందుకే వైరు తెగిందని టంకం వేయకూడదు, కనెక్టరులో గ్రీజు పుయ్యకూడదు. టంకమో గ్రీజో ఆ సందుల్ని మూసేస్తే సెన్సర్‌కు ఊపిరాడదు, మంచి సెన్సరే తప్పుడు అంకెలు చెబుతుంది. చౌకగా దొరుకుతుందని పొట్టి వైరు సెన్సర్ కొని, పాత కనెక్టరు కోసి అతికించే అలవాటు ఇక్కడే బెడిసికొడుతుంది. కంపెనీ పార్టు నంబరుకు సరిపోయేది, కనెక్టరుతో సహా వచ్చేది కొనడమే మేలు. మరల మీద జామ్ కాకుండా పూసే పేస్టు చాలా కొత్త సెన్సర్లకు ముందే పూసి వస్తుంది. లేకపోతే పల్చగా పూయాలి, మూతికి అంటకూడదు. మొదటి చుట్లు చేత్తోనే ఎక్కించి, చివర్లో కారు పుస్తకం చెప్పినంత బలంతో బిగించాలి. బిగించబోతూ సిమెంటు గచ్చు మీద జారవిడిస్తే, పైకి దెబ్బ కనిపించకపోయినా వాడకపోవడం మంచిది. లోపలున్నది పింగాణీ.

ఈ మధ్య కొత్త చిక్కొకటి చేరింది. 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి దశలవారీగా వచ్చిన ఈ20 పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంది కాబట్టి ఈ ఇంధనం కాలడానికి గాలి తక్కువ చాలు. కిలోకి 14.7 కాదు, పదమూడున్నర చిల్లర. పాత లెక్కలు నేర్చుకున్న కంప్యూటర్ ఉన్న కారులో సెన్సర్ ‘లీన్’ అనడం, ట్రిమ్ కొన్ని శాతం పైకి పోవడం సహజం. సెన్సర్ చురుగ్గా ఉంటే కారు సర్దుకుంటుంది. అది ముసలిదై ఆలస్యంగా స్పందిస్తుంటే, అప్పటివరకు దాగిన లోపం ఇప్పుడు బయటపడుతుంది. నిన్నటిదాకా బాగున్న కారు కొత్త పెట్రోలుతో పాడైందనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇది కావచ్చు.

క్యాటలిటిక్ కన్వర్టర్ ‘పోయిందని’ దాన్ని కోసేసి ఖాళీ గొట్టం వెల్డింగ్ చేయించే సలహా కూడా షెడ్లలో వినిపిస్తుంది. లైటు వెలగకుండా వెనక సెన్సర్‌ని మోసం చేసే బుడిపెలు కూడా అమ్ముతారు. ఇది నిబంధనలకు విరుద్ధమన్నది ఒక సంగతి. కొండల నడుమ గిన్నెలా ఉన్న విశాఖ నడిబొడ్డులో పొగ తేలిగ్గా కదలదన్నది మరో సంగతి. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి నాణ్యత చాలని నగరాల జాబితాలో విశాఖ పేరు ఉంది. ఆ గిన్నెలోకి పోర్టూ, రిఫైనరీ, ఎరువుల కర్మాగారమూ పంపేది చాలదన్నట్టు కార్లు కూడా వంతు వేసుకోనక్కర్లేదు.

సెన్సర్ మార్చాక కోడు చెరిపేయడంతో పని పూర్తి కాదు. కోడుతో పాటు కంప్యూటర్ తనను తాను పరీక్షించుకున్న రికార్డు కూడా చెరిగిపోతుంది. కారు మళ్లీ చల్లారి, స్టార్టయి, ఊళ్లో కాస్త, హైవే మీద నిలకడగా కాస్త తిరిగితే గానీ ఆ పరీక్షలు పూర్తికావు. గాజువాక నుంచి అనకాపల్లి దాకా వెళ్లి వస్తే చాలా కార్లకు సరిపోతుంది. తిరిగొచ్చాక స్కానర్ మళ్లీ గుచ్చి, సెన్సర్ పరీక్ష ‘రెడీ’ అని చూపిస్తోందో లేదో, ట్రిమ్ అయిదారు శాతం లోపలికి దిగిందో లేదో చూడాలి. తరువాత పొల్యూషన్ సర్టిఫికెట్ చేయించుకుంటే, బీఎస్-4, బీఎస్-6 పెట్రోలు కార్లకు ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర లాంబ్డా కూడా కొలవాలి. అది 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి. ట్రిమ్ ఇంకా ఇరవై దగ్గరే నిలబడి ఉంటే మాత్రం, కొత్త సెన్సర్ కూడా పాతది చెప్పిన మాటే చెబుతోందన్నమాట. బానెట్ ఎత్తి రబ్బరు పైపులు ఒక్కొక్కటే వంచి చూడటం మొదలుపెట్టాలి.